ఒక్క ‘యు’ ఎక్కువై సర్వర్ బయట మిగిలిపోయాను

గుంటూరు బ్రాడీపేటలో నాకొక ఆఫీసు ఉంది. ఆఫీసు అంటే పెద్ద మాట. మేడ మీద ఒక గది, రెండు కుర్చీలు, ఒక ఇన్వర్టర్. చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెడతాను. వాటిలో నెలనెలా ఠంచనుగా డబ్బులిచ్చేది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, అందులో తేజ రకం ఎన్ని, 334 రకం ఎన్ని, ఏ రేటుకు పోయింది, తక్‌పట్టీ (అమ్మకం చీటీ) ఎంతకు రాశారు, రైతుకి ఇంకా ఎంత ఇవ్వాలి అనేవన్నీ ఎక్కించుకోవడానికి ఆయన కొట్టుకి ఒక చిన్న సైటు చేసిచ్చాను. ఆయన గుమాస్తా గారు రోజూ అందులోనే లెక్కలు రాస్తారు. అది నడిచే సర్వర్ ఎక్కడో విదేశంలో ఉంటుంది. దానికి నెలనెలా అద్దె కట్టేదీ, బాగోగులు చూసేదీ నేనే.

ఇదంతా ఫిబ్రవరి చివరి వారంలో జరిగింది. సీజను మంచి ఊపు మీద ఉంది. యార్డుకి శని, ఆదివారాలు సెలవు కాబట్టి సర్వర్‌లో ఏ మార్పు చేయాలన్నా నాకు శుక్రవారం రాత్రే ముహూర్తం.

ఆ శుక్రవారం రాత్రి ఊరికే లాగ్ ఫైలు తెరిచాను. సర్వర్‌లోకి రావాలని ఎవరెవరు ప్రయత్నించారో అందులో పడుతుంది. చూస్తే కళ్లు తిరిగాయి. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అంటూ ఏవేవో పేర్లతో, ఊరూ పేరూ తెలియని ఐపీ అడ్రసుల నుంచి, పేజీలకు పేజీలు ‘ఫెయిల్డ్ పాస్‌వర్డ్’. ఇది నా ఒక్కడికే వచ్చిన కష్టం కాదు. దూరం నుంచి లాగిన్ అయ్యే తలుపు, అంటే 22 నంబరు పోర్టు, తెరిచి ఉన్న ప్రతి సర్వర్‌కీ ఇదే గోల. తట్టేది మనుషులు కాదు, ప్రోగ్రాములు. వీధిలో ప్రతి గేటునూ ఊపి చూసుకుంటూ పోతుంటాయి.

ఆ 22 వెనక ఒక చిన్న కథ ఉంది. 1995లో ఫిన్లాండ్‌లో తమ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు కాజేశారని టటు యిలోనెన్ అనే ఆయన ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అవడానికి వాడే ప్రోగ్రామ్ అది. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ నంబరు 21, అప్పటి పాత లాగిన్ పద్ధతి టెల్‌నెట్ నంబరు 23. మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి పుచ్చుకున్నాడు. ఆ నంబరు మార్చేస్తే ఈ తట్టుడు తగ్గుతుందని చాలామంది మారుస్తారు. నేను దాని జోలికి పోలేదు. ఆ రాత్రి నేను చేసిన తెలివైన పని అదొక్కటేనేమో.

నా ఆలోచన ఏమిటంటే, పాస్‌వర్డ్‌తో లోపలికి రావడం అసలు లేకుండా చేసి, కీ ఫైలు ఉన్నవాళ్లకే తలుపు తెరవాలి. కీ అంటే జంట ఫైళ్లు. ఒకటి మన లాప్‌టాప్‌లో ఉంటుంది, దాని జత సర్వర్‌లో ఉంటుంది. రెండూ కలిస్తేనే లోపలికి. కీ తయారు చేశాను, జతను సర్వర్‌లో పెట్టాను, సర్వర్‌కి కనెక్ట్ కావడానికి నేను ఎప్పుడూ వాడే విన్‌ఎస్‌సీపీ అనే ప్రోగ్రామ్‌లో కొత్త కీని చూపించి కనెక్ట్ నొక్కాను. లోపలికి వెళ్లింది. కీ పనిచేస్తోందని సంబరపడ్డాను.

అక్కడ ఏదో ఒక చిన్న విండో మెరిసి మాయమైంది. అందులో ఏముందో చదవలేదు. ఆ విషయం తర్వాత చెబుతాను.

ఇక ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు తెరిచి, పాస్‌వర్డ్ లాగిన్ ‘నో’ అని రాసి, సర్వీసు రీస్టార్ట్ చేశాను. చిత్రం, ఇంకా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. అరగంట తల బద్దలు కొట్టుకుంటే తేలింది. మా సర్వర్‌లో నడిచేది ఉబుంటు 22.04 అనే లినక్స్. అందులో అసలు ఫైలు పైభాగంలోనే, పక్క ఫోల్డర్‌లోని చిన్న చిన్న ఫైళ్లను కూడా చదవమని ఒక లైను ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో, సర్వర్ మొదటిసారి లేచినప్పుడు సెట్టింగులు పెట్టే క్లౌడ్ ఇనిట్ పేరుతో ఒక ఫైలు ‘యెస్’ అని ముందే చెప్పి కూర్చుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి ముందు చదివిందే వేదం, తర్వాత ఎవరేం రాసినా పట్టించుకోదు. అక్కడ కూడా ‘నో’ పెట్టాను.

దాంతో ఆగినా బాగుండేది. ఇంకాస్త గట్టిగా బిగిద్దామని ‘అలౌ యూజర్స్’ అనే లైను చేర్చాను. ఆ లైనులో పేరున్నవాళ్లకే ప్రవేశం, మిగతా అందరికీ తలుపు మూసినట్టే. సర్వర్‌లో నా యూజర్ పేరు గుంటూరే. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషులో ఎలా రాస్తారో అలాగే, ‘ఆర్’ దగ్గర ఆగిపోతుంది. మన నోరు మాత్రం అక్కడ ఆగదు కదా. రాత్రి పదకొండు దాటాక నా వేళ్లూ ఆగలేదు. చివర ఇంకొక ‘యు’ కొట్టాయి.

సేవ్ చేశాను. జాగ్రత్తపరుణ్ణి కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టి అనే ఆదేశం కొట్టి ఫైలును పరీక్షించాను కూడా. ఒక్క తప్పూ చూపలేదు. చూపదు. ఆ పరీక్ష చూసేది లైన్లు సరిగ్గా రాశామా లేదా అనేదే. ఆ పేరుగల మనిషి సర్వర్‌లో ఉన్నాడా లేడా అని అది వెతకదు. రీస్టార్ట్ కొట్టాను. నా ముందున్న విండో హాయిగా పనిచేస్తూనే ఉంది. ఇదీ ఒక మాయే. రీస్టార్ట్ చేసినా అప్పటికే లోపల ఉన్నవాళ్లను ఎస్‌ఎస్‌హెచ్ బయటికి నెట్టదు, కొత్తగా వచ్చేవాళ్లకే కొత్త రూల్సు. అది తెలియక, అంతా బాగానే ఉందనుకుని విండో మూసేసి, లైటార్పి ఇంటికి వెళ్లిపోయాను.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు కనెక్ట్ కొడితే ‘పర్మిషన్ డినైడ్’. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. ఇంకో లాప్‌టాప్ తీశాను. ఫోన్ హాట్‌స్పాట్‌తో చూశాను. నెట్ మీద అనుమానపడటానికి ఏమీ లేదని తెలిసినా చేతులు ఊరుకోవు. సైటు మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. కొట్టు తెరిచే ఉంది, గిరాకీలు వచ్చిపోతున్నారు, యజమాని ఒక్కడే తాళంచెవి పోగొట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు, అలా ఉంది నా పరిస్థితి.

హోస్టింగ్ వాళ్లకు టికెట్ పెట్టాను. సర్వర్ లోపలి సంగతులు మా చేతిలో ఉండవు, కంట్రోల్ ప్యానెల్‌లో కన్సోల్ ఉంది చూడండి అని జవాబు వచ్చింది. వాళ్లు చెప్పింది సబబే. కన్సోల్ అంటే సర్వర్‌కి నేరుగా మానిటరు, కీబోర్డు తగిలించినట్టు బ్రౌజర్‌లోనే కనిపించే నల్లటి తెర. అది ఎస్‌ఎస్‌హెచ్ గుమ్మం నుంచి వెళ్లదు, కాబట్టి నేను పెట్టిన రూల్సేవీ దానికి వర్తించవు. యూజర్ పేరూ పాస్‌వర్డూ కొడితే చాలు.

పాస్‌వర్డ్ ఏమిటి?

రెండేళ్ల క్రితం ఒకసారి కొట్టి విన్‌ఎస్‌సీపీలో సేవ్ చేశాను. ఆ తర్వాత నా చేత్తో మళ్లీ కొట్టింది లేదు. అడ్మిన్ హక్కులతో నడిపే సుడో ఆదేశాలకు కూడా పాస్‌వర్డ్ అడగకుండా బద్ధకంతో నేనే సెట్ చేసుకున్నాను. గుర్తున్నంతలో ఏడెనిమిది రకాలు కొట్టి చూశాను. పైగా ఆ కన్సోల్‌లో ఇంకో తిరకాసు. నా పాస్‌వర్డ్‌లలో ఎక్కడో ఒక చోట ‘ఎట్’ గుర్తు ఉంటుంది. యూజర్ పేరు అడిగే చోట మనం కొట్టింది కనిపిస్తుంది కదా అని అక్కడ ఆ గుర్తు కొట్టి చూస్తే 2 పడింది. షిఫ్ట్ నొక్కినా కన్సోల్ తీసుకోవడం లేదు. అంటే పాస్‌వర్డ్ సరైనది కొట్టినా తప్పే అయ్యేది. కన్సోల్‌లో పాస్‌వర్డ్ కొట్టేముందు పేరు దగ్గర ఒకసారి అన్ని గుర్తులూ కొట్టి చూసుకోమని నాకెవరూ చెప్పలేదు.

సర్వర్‌పై సర్వాధికారాలున్న రూట్ యూజర్ పాస్‌వర్డ్ కోసం సర్వర్ కొన్ననాటి మెయిల్ తవ్వి తీశాను. దొరికింది. కానీ మొదటి లాగిన్‌లోనే మార్చమంటే మార్చేశానని అప్పుడు గుర్తొచ్చింది. ప్యానెల్‌లో ‘రీసెట్ పాస్‌వర్డ్’ బటన్ కూడా ఉంది. దానికి సర్వర్ లోపల ఒక సహాయక ప్రోగ్రామ్ నడుస్తూ ఉండాలి. నేను వేయలేదు.

ఇక మిగిలింది రెస్క్యూ మోడ్. అది నొక్కి సర్వర్‌ని రీబూట్ చేస్తే మన డిస్కు నుంచి కాకుండా, హోస్టింగ్ వాళ్ల దగ్గరున్న ఒక చిన్న లినక్స్‌తో మెషీన్ లేస్తుంది. మన డిస్కు పక్కన ఊరికే పడి ఉంటుంది. పక్కింటి డాబా ఎక్కి మన పెరట్లోకి దూకడం లాంటిది. చిక్కేమిటంటే, రెస్క్యూలో ఉన్నంతసేపూ సైటు నడవదు.

యార్డుకి సెలవే కదా అని ధైర్యం చేశాను. ముందు డిస్కుకి స్నాప్‌షాట్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీశాను. ఏదైనా తగలబెట్టినా కనీసం ఈ ఉదయానికి తిరిగి రావచ్చు. తర్వాత రెస్క్యూ ఆన్ చేస్తే ప్యానెల్‌లో ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ చూపించింది. రీబూట్ చేసి పుట్టీ అనే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌తో కనెక్ట్ చేయబోతే తెర మీద పెద్ద హెచ్చరిక, ‘పొటెన్షియల్ సెక్యూరిటీ బ్రీచ్’. గుండె జారింది. నిన్న రాత్రి తట్టినవాళ్లెవరో దూరేశారనుకున్నాను. అలాంటిదేమీ కాదు. ప్రతి సర్వర్‌కీ తన గుర్తింపు కీ ఒకటి ఉంటుంది. అదే ఐపీలో ఇప్పుడు వేరే లినక్స్ లేచింది కాబట్టి ఆ కీ మారింది, పుట్టీ అదే చెబుతోంది. అక్కడ ‘యాక్సెప్ట్’ కాకుండా ‘కనెక్ట్ వన్స్’ నొక్కితే పాత గుర్తు చెరిగిపోదు.

లోపలికి వెళ్లగానే డిస్కుని మౌంట్ చేశాను, అంటే ఒక ఫోల్డర్‌కి తగిలించాను. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలు తెరిచాను. ‘అలౌ యూజర్స్’ లైను లేదు! రాత్రి సేవ్ కాలేదేమో అనుకున్నాను. పాస్‌వర్డ్ లాగిన్ ‘యెస్’ అని రాసి, సేవ్ చేసి, రెస్క్యూ ఆపి, మామూలుగా రీబూట్ చేశాను. ‘పర్మిషన్ డినైడ్’.

ఈలోగా ఫోను. గుమాస్తా గారు.

“ఏంది అబ్బాయ్, ఇందాక సైటు తెల్లగా వచ్చింది?”

“ఈరోజు సెలవు కదండీ, సర్వర్ మెయింటెనెన్స్ పెట్టుకున్నాను.”

“యార్డుకి సెలవు, లెక్కలకి సెలవా? రేపు పొద్దున్నే రైతులొస్తారు, ఎవరెవరికి ఎంతివ్వాలో అందులోనే ఉంది. సాయంత్రానికి ఇచ్చేయ్ నాయనా.”

సరేనండీ అన్నాను. పెట్టేశాక అరచేతులు చెమటలు పట్టి ఉన్నాయి. ఆయనతో అబద్ధం చెప్పినందుకు కాదు, సాయంత్రానికి ఇవ్వగలనన్న నమ్మకం లేక.

మా బాబాయి కొడుకు విజయవాడలో, బెంజి సర్కిల్ దగ్గర ఒక కంపెనీలో సర్వర్లు చూస్తాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. వాడిని అడగడం నామోషీ అని ఉదయం నుంచీ ఆగాను. ఇక లాభం లేదని చేశాను. మొత్తం విన్నాడు.

“అన్నా, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. నువ్వు మార్చింది నీ డిస్కులో ఫైలా, రెస్క్యూ వాళ్ల ఫైలా?”

నేను మాట్లాడలేదు.

“మౌంట్ చేసింది ఎమ్‌ఎన్‌టీ ఫోల్డర్‌లోకి కదా. నీ ఫైలు ఆ ఫోల్డర్ లోపల ఉంటది. నువ్వు మామూలు దారిలో వెళ్తే వాళ్ల ఫైలే వస్తది.”

పెరట్లోకి దూకాననుకున్నాను కానీ పక్కింటి డాబా మీదే కూర్చుని, వాళ్లింటి తాళం బాగుచేసి వచ్చాను. మనం రీబూట్ చేయగానే వాళ్ల లినక్స్ ఆవిరైపోతుంది, దాంతోపాటు మన మరమ్మతూ పోతుంది.

“ఇంకోటి, మాటిమాటికీ రీబూట్ చేయొద్దు. ఈసారి వెళ్లి క్రూట్ చేసి ముందు నీ యూజర్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టు. షిఫ్ట్ అక్కర్లేని అక్షరాలూ అంకెలే పెట్టు, పొడుగ్గా ఉండాల. తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ దారి రాకపోయినా కన్సోల్ నుంచి దూరొచ్చు. అక్కడ కూర్చుని తీరిగ్గా చూసుకో.”

నిజానికి నన్ను ఒడ్డున పడేసింది ఈ ఒక్క మాటే. నేను ఉదయం నుంచీ అసలు తలుపే బాగుచేయాలని చూస్తున్నాను. వాడు ముందు ఏదో ఒక తలుపు తెరువు అన్నాడు.

రెండోసారి రెస్క్యూ. డిస్కు మౌంట్ చేశాను. క్రూట్ అంటే ఇక నుంచి ఈ మౌంట్ చేసిన డిస్కే నా ప్రపంచం అని చెప్పడం. అది కొట్టాక కాన్ఫిగ్ ఫైలు తెరిస్తే నా లైను దర్శనమిచ్చింది. అయినా నాకు తప్పు కనిపించలేదంటే నమ్మండి. గుంటూరు అని రాసి ఉంది, గుంటూరు అని చదువుకున్నాను. సరిగ్గానే ఉంది కదా! లాగ్ ఫైలు చివరికి వెళ్లి చూస్తే, ఉదయం నేను కొట్టిన ప్రతి ప్రయత్నం పక్కనా ఒకటే మాట, ఈ యూజర్ పేరు అలౌ యూజర్స్ జాబితాలో లేదు కాబట్టి రానివ్వలేదని. రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి పెట్టి అక్షరం అక్షరం పోలిస్తే అప్పుడు దొరికింది ఆ ‘యు’. ఈ కారణం బయట నిలబడ్డవాడికి చెప్పరు. పాస్‌వర్డ్ తప్పయినా, జాబితాలో పేరు లేకపోయినా, బయటికి వినిపించేది ‘పర్మిషన్ డినైడ్’ ఒక్కటే. దొంగకి వివరాలు చెప్పకూడదని అలా పెట్టారు. ఆ శనివారం దొంగకీ నాకూ తేడా లేదు.

‘యు’ తీసేశాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. మైనస్ టి పరీక్ష చేయబోతే రన్ ఫోల్డర్‌లో ఏదో లేదని అలిగింది. క్రూట్‌లో ఉన్నప్పుడు అలా అంటుందట, రన్ లోపల ఎస్‌ఎస్‌హెచ్‌డీ పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ సృష్టిస్తే సరిపోయింది. రెస్క్యూ ఆపి, రీబూట్. సైటు లేచింది. ఊపిరి బిగబట్టి కనెక్ట్ కొట్టాను.

‘పర్మిషన్ డినైడ్’.

కానీ ఈసారి చేతిలో కన్సోల్ ఉంది. నల్లతెరలో కొత్త పాస్‌వర్డ్ కొడితే వెళ్లిపోయింది. ఉదయం నుంచీ మొదటిసారి నా సర్వర్‌లో నేను ఉన్నాను. పాస్‌వర్డ్ లాగిన్‌ని ‘యెస్’ చేసేసి ఆ పూటకి గట్టెక్కవచ్చు. చేయబుద్ధి కాలేదు. కీ శుక్రవారం రాత్రి పనిచేసింది కదా, ఇప్పుడేమైంది?

లాగ్‌లో కొత్తగా పడే లైన్లు అప్పటికప్పుడు కనిపించేలా కన్సోల్‌లో పెట్టి, పక్క విండో నుంచి కనెక్ట్ కొట్టాను. తలుపు తట్టేదీ నేనే, లోపల కిటికీలోంచి తొంగి చూసేదీ నేనే. లైను పడింది. ‘అథెంటికేషన్ రిఫ్యూజ్డ్, బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని, పక్కన నా హోమ్ ఫోల్డర్ పేరు.

అప్పుడు ఆరు నెలల కిందటి పాపం గుర్తొచ్చింది. మిర్చి లాట్ల ఫోటోలు అప్‌లోడ్ అవడం లేదని ఆ గుమాస్తా గారే ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, విసిగిపోయి నా హోమ్ ఫోల్డర్ మొత్తానికి సీహెచ్‌మోడ్ 777 కొట్టాను. అంటే సర్వర్‌లో ఉన్న ఎవరైనా ఆ ఫోల్డర్‌లో ఏదైనా రాయొచ్చు. ఫోటోలు ఎక్కాయి, నేనూ మర్చిపోయాను. కానీ నా కీ జత ఉండేది ఆ హోమ్ ఫోల్డర్‌లోనే. ఎవడు పడితే వాడు రాయగల ఫోల్డర్‌లోని కీని నేను నమ్మను అంటుంది ఎస్‌ఎస్‌హెచ్. వేరేవాడు తన కీని అక్కడ పెట్టేసి ఉండొచ్చు కదా. దాని అనుమానం న్యాయమైనదే.

మరి శుక్రవారం రాత్రి కీతో లోపలికి ఎలా వెళ్లాను? వెళ్లలేదు. విన్‌ఎస్‌సీపీ ముందు కీని చూపించింది, సర్వర్ కాదంది, వెంటనే నేను సేవ్ చేసి ఉంచిన పాత పాస్‌వర్డ్‌ని అందించింది. మెరిసి మాయమైన ఆ చిన్న విండోలో ఉన్నది ‘సర్వర్ రిఫ్యూజ్డ్ అవర్ కీ’ అనే మాట. అది చదవడానికి ఒక సెకను ఆగి ఉంటే ఈ శనివారం నాకు మామూలు శనివారంలా గడిచేది.

హోమ్ ఫోల్డర్‌కి 755, కీ ఉన్న ఫోల్డర్‌కి 700, అందులోని ఫైలుకి 600 ఇచ్చాను, అంటే వాటిలో ఇక నేను తప్ప మామూలు యూజర్లెవరూ రాయలేరు. రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. కనెక్ట్ కొట్టగానే వెళ్లిపోయింది. ఈసారి సేవ్ చేసిన పాస్‌వర్డ్ తీసేసి మరీ చూశాను. ఫోటోల ఫోల్డర్ ఒక్కదాన్ని వెబ్ సర్వర్ యూజర్ పేరు మీదకి మార్చి, మిగతాచోట్ల ఆ 777లన్నీ ఏరేశాను. అసలు పనికంటే దీనికే ఎక్కువసేపు పట్టింది.

గుమాస్తా గారికి ఐదున్నరకు ఫోన్ చేసి, అయిపోయిందండీ అని చెప్పాను. ఇందాకే చూశానులే, వస్తంది అన్నారు.

ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్‌లో చేయి పెడితే పాత విండో మూయను. కొత్త విండోలో లోపలికి వెళ్లగలిగాకే దాన్ని వదులుతాను. మార్చేముందు పాత ఫైలుకి కాపీ తీసి, పది నిమిషాల తర్వాత దాన్ని తిరిగి పెట్టి రీస్టార్ట్ చేసేలా ఒక ఆదేశాన్ని వెనకాల వదులుతాను. అంతా బాగుంటే పది నిమిషాల్లోపు దాన్ని నేనే ఆపేస్తాను, నేను బయట చిక్కుకుంటే అదే నన్ను లోపలికి తెస్తుంది. మా తమ్ముడు చెప్పిన చిట్కా ఇది. వాడు ఫోన్ పెట్టేముందు ఇంకోటి కూడా అన్నాడు, “అన్నా, కాగితం మీద రాసి పెట్టు, సిగ్గుపడకు” అని.

సోమవారం మధ్యాహ్నం యార్డుకి వెళ్లాను. మిర్చి ఘాటుకి తుమ్ములు ఆగవు నాకు, ఎన్నేళ్లయినా అలవాటు కాలేదు. వ్యాపారి గారికి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన పెద్దగా ఏమీ అనలేదు, రేట్ల గొడవలో ఉన్నారు. కన్సోల్ పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని కవర్లో పెట్టి అంటించి గుమాస్తా గారికి ఇచ్చాను. ఆయన దాన్ని గల్లాపెట్టె అడుగు అరలో పెట్టబోతూ ఆగి, ఇదేందో తర్వాత తెలియాలి గదా అని పెన్ను తీశారు. కవరు మీద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో గుంటూరు సర్వర్ అని రాశారు, చివర ‘యు’తో సహా.